ముందు వంగేది ఏ పుల్ల?

సైన్స్ ఫెయిర్‌లో బరువు ఆపలేక కూలిపోయిన నమూనా వంతెనను పిల్లలు చాలాసార్లు నేరుగా చెత్తబుట్టలో వేసేస్తారు. నన్నడిగితే ఆ ప్రాజెక్టు మొత్తంలో విలువైనది ఆ శిథిలమే. దాన్ని బల్ల మీద పరిచి ఒక్కో ముక్కా ఏరి చూడండి. యాభై పుల్లలతో కట్టిన వంతెనైతే నలభైకి పైగా చెక్కుచెదరకుండా ఉంటాయి. విరిగినవి మూడో నాలుగో. వాటిలోనూ మొదట లొంగింది ఒక్కటే. దాని పని తమ మీద పడేసరికి మిగిలినవి ఓపలేక, రెప్పపాటులో దాని వెనకే వెళ్లాయి.

ఇది గమనించకపోతే రెండోసారి కట్టేటప్పుడు అందరూ చేసే పనే చేస్తాం: ఇంకో కట్ట పుల్లలు కొని, ఇంకో డబ్బా ఫెవికాల్ తెచ్చి, అన్నిచోట్లా రెండేసి మూడేసి అతికిస్తాం. వంతెన బరువెక్కుతుంది, బలం మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు. పోటీల్లో సాధారణంగా చూసేది వంతెన ఎంత మోసిందని మాత్రమే కాదు, తన బరువుకు ఎన్ని రెట్లు మోసిందని. అక్కడ అనవసరంగా అతికించిన ప్రతి పుల్లా మనకు నష్టమే.

కాబట్టి పుల్లలు చేతిలోకి తీసుకోకముందే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. బరువు పెంచుకుంటూ పోతే ముందు లొంగిపోయేది ఏ పుల్ల? దాన్ని కాగితం మీద ముందుగానే గుర్తించగలిగితే, ఆ ఒక్కదాన్నే సరిచేసి, తర్వాత లొంగేది ఏదో వెతకొచ్చు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. తొమ్మిదో తరగతి గణితం, వంటింట్లో వాడే డిజిటల్ తూకం, కాస్త ఓపిక ఉంటే చాలు.

నిలబెట్టిన స్కేలు

రెండు పుస్తకాల దొంతరల మధ్య 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును పడుకోబెట్టి మధ్యలో వేలితో నొక్కండి. హాయిగా వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కండి. ఎంత నొక్కినా వంగినట్టు కనబడదు. ప్లాస్టిక్కు అదే, బరువు అదే, మారింది ఎత్తు మాత్రమే. 1638లో అచ్చయిన ‘రెండు కొత్త శాస్త్రాలు’ గ్రంథంలో గెలీలియో ఈ విషయం మీదే లెక్క కట్టాడు. గోడలోంచి పొడుచుకువచ్చిన దూలం కొసన బరువు వేలాడదీస్తే అది ఎంతవరకు ఆగుతుందన్నది ఆయన ప్రశ్న. ఆ లెక్కలో కొన్ని లోపాలను తర్వాతివాళ్లు సరిదిద్దారు కానీ అసలు సంగతి ఆయన పట్టుకున్నాడు. దూలం వెడల్పు రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది. ఎత్తు రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. ఇక వంగకుండా నిలిచే బిగువైతే ఎనిమిది రెట్లు.

ఎందుకలా? దూలం వంగినప్పుడు దాని పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న పదార్థం దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. పై అంచుకూ కింది అంచుకూ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అవి అంత తక్కువ శ్రమతో బరువును ఆపగలవు. అలాంటప్పుడు మధ్యలో ఖాళీగా ఉన్న పదార్థాన్ని తీసేసి, పైనా కిందా చెరో వరస ఉంచి, వాటిని ఏటవాలు కడ్డీలతో కలిపితే సరిపోదా? సరిపోతుంది. దాన్నే ట్రస్ అంటారు. పై వరస నొక్కుడును మోస్తుంది, కింది వరస లాగుడును మోస్తుంది. పాఠ్యపుస్తకాలు వీటినే సంపీడనం, తన్యత అంటాయి.

ఏటవాలు కడ్డీలు త్రిభుజాలుగానే ఎందుకుండాలో చేత్తో చూడటం మంచిది. నాలుగు పుల్లలను మూలల్లో గుండుసూదులతో గుచ్చి చతురస్రం చేయండి. పక్కనుంచి తోస్తే ఒక్క పుల్లా వంగకుండానే అది ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి తోయండి. ఒరగాలంటే ఏదో ఒక పుల్ల పొడవు మారాలి, కానీ పుల్ల పొడవు అంత తేలిగ్గా మారదు. 1864లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ దీన్ని చిన్న సూత్రంగా చెప్పాడు. ఒక తలంలో ఉన్న చట్రం బిగువుగా నిలవాలంటే, కీళ్ల సంఖ్యను రెండుతో హెచ్చవేసి మూడు తీసేస్తే వచ్చేటన్ని కడ్డీలైనా ఉండాలి. త్రిభుజానికి మూడు కీళ్లు, మూడు కడ్డీలు, సరిపోయింది. చతురస్రానికి నాలుగు కీళ్లు కాబట్టి ఐదు కడ్డీలు కావాలి. మన దగ్గర నాలుగే ఉన్నాయి. ఆ ఐదోదే కర్ణం.

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున నిలబడితే ఈ పాఠం కళ్లెదుటే కనిపిస్తుంది. 1900లో రైళ్లకు తెరిచిన హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన ఉక్కు ట్రస్సులతో కట్టింది. పైన బస్సులు, కింద త్రిభుజాల నడుమ రైళ్లు. దానికున్న పెద్ద స్పాన్లు, అంటే స్తంభాల నడుమ దూరాలు, ఒక్కొక్కటి 90 మీటర్లు దాటుతాయి. మూడోది 1997లో వాడకంలోకి వచ్చిన కాంక్రీటు కమాను వంతెన. చాలామంది పిల్లలు అందం చూసి కమానునే ఎంచుకుంటారు. ఎంచుకునే ముందు ఒక సంగతి తెలియాలి. కమాను బరువును పక్కలకు తోస్తుంది. రెండు ఇటుకల మీద కమాను పెట్టి పైన నొక్కితే ఇటుకలు బయటికి జరుగుతాయి. గోదావరి కమాను వంతెనలో ఆ తోపుడును వింటినారిలా కింద బిగించిన వంతెన నేలే ఆపుతుంది. 2025 జూన్‌లో ప్రారంభమైన కశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెన కమాను స్పాన్ 467 మీటర్లు. అక్కడ తోపుడంతా కొండరాయి మీదే పడుతుంది. ఆ కొండవాలు నిలకడ గురించి ఏళ్ల తరబడి పనిచేసిన భూసాంకేతిక శాస్త్రజ్ఞురాలు గాలి మాధవీలత ఆంధ్రప్రదేశ్‌ నుంచి వెళ్లినవారే. బల్ల మీద వంతెనకు కొండ దొరకదు. అందుకే మొదటి ప్రయత్నానికి నేను ట్రస్ వైపే ఉంటాను.

పదిహేను పుల్లల లెక్క

ఇప్పుడు ఒక నిజమైన వంతెన తీసుకుందాం. రెండు బల్లల మధ్య ఖాళీ 40 సెంటీమీటర్లు. సరుకు ఐస్‌క్రీం పుల్లలు. క్రాఫ్ట్ సామాను అమ్మే దుకాణాల్లో కట్టలుగా దొరుకుతాయి. ఒక్కోటి దాదాపు 11.4 సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరు వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం. బరువు గ్రామున్నర లోపు.

కింది వరసలో 10 సెంటీమీటర్లకో కీలు చొప్పున నాలుగు పుల్లలు. పై వరసలో మూడు. నడుమ ‘డబ్ల్యూ’ ఆకారంలో ఎనిమిది ఏటవాలు పుల్లలు. ట్రస్ ఎత్తు 8 సెంటీమీటర్లు. 1848లో పేటెంటు పొందిన వారెన్ ట్రస్ రకం ఇది. కీళ్లు తొమ్మిది, పుల్లలు పదిహేను. మాక్స్‌వెల్ సూత్రంతో సరిచూసుకోండి. ఇలాంటివి రెండు ట్రస్సులు చెరో పక్కన నిలబడతాయి, మధ్యలో 20 కిలోల బరువు వేలాడుతుంది. బలాన్ని న్యూటన్లలో చెప్పడమే పద్ధతి అయినా చేతికి తెలిసేలా ఇక్కడ కిలోల్లోనే చెబుతాను.

20 కిలోలను రెండు ట్రస్సులు పంచుకుంటే ఒక్కోదానికి 10. ఆ పదిని రెండు కొసలూ పంచుకుంటే ఒక్కో ఆనిక దగ్గర 5 కిలోలు. ఇప్పుడు ట్రస్‌ను సరిగ్గా మధ్యలో నిలువుగా కోసినట్టు ఊహించుకోండి. ఎడమ ముక్కను ఆనిక 5 కిలోలతో పైకి నెడుతోంది. కింది మధ్య కీలు నుంచి ఆనిక దూరం 20 సెంటీమీటర్లు. ఐదు ఇరవైలు వంద. ముక్క తిరిగిపోకుండా ఆ వందను ఆపాల్సింది 8 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న పై పుల్ల. వందను ఎనిమిదితో భాగిస్తే 12.5. అంటే పై వరస మధ్య పుల్ల మీద 12.5 కిలోల నొక్కుడు. దాని అటూ ఇటూ ఉన్న పై పుల్లలకు అందులో సగం, 6.25. ఇదే పద్ధతిలో చేస్తే కింది వరస మధ్య పుల్లల మీద 9.4 కిలోల లాగుడు వస్తుంది. ఏటవాలు పుల్లలన్నిటి మీదా సుమారు 5.9 కిలోలు. అవి ఒకటి విడిచి ఒకటి నొక్కుడును, లాగుడును మోస్తాయి. ఆనిక నుంచి పైకి లేచే మొదటిది నొక్కుడు, పైనుంచి కిందికి దిగే రెండోది లాగుడు, అలా.

ఎత్తు 8 బదులు 4 సెంటీమీటర్లే పెడితే ఆ 12.5 కాస్తా 25 అవుతుంది. చదునుగా, సొగసుగా కనిపించే వంతెనలు ఎందుకు తొందరగా విరుగుతాయో ఈ ఒక్క భాగహారం చెబుతుంది. అలాగని ఎత్తును 20కి పెంచితే ఏటవాలు పుల్లలు పొడవవుతాయి. పొడవైతే ఏమవుతుందో చూడటానికి వంటింట్లోకి వెళ్లాలి.

తూకం మీద చీపురు పుల్ల

కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె లాగండి. కొస దగ్గర సన్నగా ఉంటుంది కాబట్టి మందం సమంగా ఉన్న భాగం నుంచి 20 సెంటీమీటర్లు తుంచండి. డిజిటల్ తూకం మీద నిటారుగా నిలబెట్టి, పైకొసను బొటనవేలితో నెమ్మదిగా కిందికి నొక్కండి. తూకం మీద అంకె పెరుగుతూ పోతుంది. ఒకచోట ఈనె ఉన్నట్టుండి విల్లులా పక్కకు వంగుతుంది. ఆ క్షణంలో తూకాన్ని చూడండి. అంకె అక్కడే ఆగిపోతుంది. వేలిని ఇంకా కిందికి దించినా ఈనె మరింత వంగుతుందే తప్ప అంకె పెద్దగా పెరగదు. ఈనె విరగలేదు, నలగలేదు. వేలు తీస్తే మళ్లీ నిటారుగా వస్తుంది. కానీ ఆ అంకెకు మించి అది మోయదు.

ఇప్పుడు అదే ఈనెను సగానికి తుంచి 10 సెంటీమీటర్ల ముక్కతో మళ్లీ చేయండి. మొదటిసారి 200 గ్రాముల దగ్గర వంగి ఉంటే ఈసారి 800 గ్రాముల చుట్టుపక్కల వంగుతుంది. పొడవు సగమైతే మోసే బరువు నాలుగు రెట్లు. మూడో వంతైతే తొమ్మిది రెట్లు. 1744లో లియోనార్డ్ ఆయిలర్ గణితంతో నిరూపించిన ఫలితం ఇది. ఇప్పటికీ ఇంజినీర్లు స్తంభాల లెక్క ఇక్కడినుంచే మొదలుపెడతారు. ఇలా పక్కకు వంగిపోవడాన్ని వాళ్లు బక్లింగ్ అంటారు. బడిపిల్లల వంతెనల్లో చాలావాటిని కూల్చేది ఇదే.

మన ఐస్‌క్రీం పుల్లకు ఈ సూత్రం వేద్దాం. కర్ర బిగువును బట్టి అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ మామూలు పుల్లకు, 10 సెంటీమీటర్ల పొడవున, సుమారు 6.7 కిలోలు వస్తుంది. అదే పుల్లను పక్కకు వంగనీయకుండా పట్టుకుని నొక్కితే నలిగిపోవడానికి 80 కిలోల దాకా కావాలి. లాగి తెంచాలంటే అంతకన్నా ఎక్కువే కావాలి. ఒకే పుల్ల, లాగితే వంద కిలోలకు పైగా, నొక్కితే ఏడు కిలోల లోపు. ఈ తేడా తలకెక్కితే వంతెన డిజైన్ మొత్తం మారిపోతుంది.

పై లెక్కకు తిరిగి వెళ్దాం. 20 కిలోల బరువు దగ్గర పై వరస మధ్య పుల్ల 12.5 కిలోలు మోయాలి. అది మోయగలిగేది 6.7. కాబట్టి వంతెన 20 దాకా రాదు. పదకొండు కిలోలు రాకముందే ఆ ఒక్క పుల్లా వంగుతుంది. కింది వరస పుల్లలేమో తమ శక్తిలో పదో వంతు కూడా వాడకుండా ఉంటాయి. అయినా పిల్లలు రెట్టింపు చేసేది కింది వరసనే. బరువు అక్కడే వేలాడుతోంది కదా, అక్కడే బలం కావాలని అనిపిస్తుంది. అక్కడ ఎన్ని పుల్లలు అతికించినా వంతెన మాత్రం ఆ పదకొండు కిలోల దగ్గరే కూలుతుంది.

ఇప్పుడు ఆ మధ్య పుల్లకు మాత్రం ఇంకో పుల్లను జంటగా అతికించండి. రెండు ట్రస్సులకూ కలిపి రెండే పుల్లలు, మూడు గ్రాముల లోపు. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లయింది. బక్లింగ్‌ను ఆపే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి ఎనిమిది రెట్లు, అంటే 50 కిలోల పైమాటే. ఆ పుల్ల గొడవ తీరింది. తర్వాత లొంగేవి పై వరసలో దాని పక్కవి. వాటి లెక్క వంతెన మీద 21 కిలోల బరువు దగ్గరికి వస్తుంది. రెండు పుల్లలు చేర్చినందుకు వంతెన బలం దాదాపు రెట్టింపైంది. పక్కవాటినీ జంటలు చేస్తే తర్వాతి వంతు నొక్కుడు మోసే ఏటవాలు పుల్లలది, సుమారు 25 కిలోల దగ్గర. ఇలా ఒక్కో బలహీనతనే పట్టుకుని ముందుకు పోవాలి.

జంట పుల్లల మధ్య ఫెవికాల్ పొడవునా రాయాలి. రెండు పుల్లలను ఊరికే పక్కపక్కన పెట్టి కొసల్లో కడితే అవి ఒకదాని మీద ఒకటి జారుతూ ఎవరికివారే వంగుతాయి. అప్పుడు బలం రెండు రెట్లే. ఎనిమిది రెట్లు కావాలంటే ఆ జారుడును ఆపాలి. ఈ చిన్న విషయానికి ఉక్కులోనూ ప్రాణాలు పోయాయి. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న క్విబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. ఆ రకం వంతెనలో నొక్కుడు మోసేవి కింది కడ్డీలు. వాటిని నాలుగేసి ఉక్కు పలకలను పక్కపక్కన నిలబెట్టి, వాటిని సన్నని అడ్డబద్దలతో కలిపి చేశారు. ఆ అల్లిక చాలలేదు. దానికి తోడు వంతెన సొంత బరువును తక్కువ అంచనా వేశారు. కూలడానికి ముందు కొద్ది రోజుల్లోనే ఒక కడ్డీ వంపు సుమారు 2 సెంటీమీటర్ల నుంచి దాదాపు 6 సెంటీమీటర్లకు పెరిగినట్టు అక్కడి యువ ఇంజినీరు కొలిచి పై అధికారులకు చెప్పాడు. పని ఆపాలన్న నిర్ణయం అక్కడికి చేరేలోపే వంతెన నదిలో పడింది. మీ వంతెన మీద బరువు పెడుతున్నప్పుడు ఏ పుల్లయినా కొంచెం వంగుతున్నట్టు కనిపిస్తే అది మీకు అందుతున్న కబురే. అక్కడే ఆగి ఏ పుల్లో రాసుకోండి.

ఇంకో ప్రమాదం పైనుంచి చూస్తేనే కనబడుతుంది. ట్రస్‌ను బల్ల మీద పరిచి అతికిస్తాం కాబట్టి పుల్లల సన్నని మందం వంతెనకు అడ్డంగా ఉంటుంది. అంటే పుల్లలు వంగేది పక్కకే. రెండు ట్రస్సులనూ కింద మాత్రం కలిపి పైన వదిలేస్తే, పై వరస మూడు పుల్లలూ కలిసి 30 సెంటీమీటర్ల ఒకే పొడవు పుల్లలా ప్రవర్తిస్తాయి. పొడవు మూడు రెట్లైతే బలం తొమ్మిదో వంతు, ఇప్పుడే చూశాం. అందుకే పై వరసలో ప్రతి కీలునూ ఎదుటి ట్రస్ కీలుకు ఒక అడ్డపుల్లతో కలపాలి. అంతటితో ఆగితే పైభాగం చతురస్రాల వరస అవుతుంది, అది ఒరుగుతుందని తెలుసు. కాబట్టి ఆ చతురస్రాల్లో కర్ణాలు కూడా వేయాలి. పైన వేసిన ఈ ఏడెనిమిది పుల్లలు నేరుగా బరువు మోయవు కానీ మోసేవాటిని వాటి చోట నిలబెడతాయి.

బకెట్ కొక్కెం తగిలించే మధ్య అడ్డపుల్ల గురించీ చెప్పాలి. ట్రస్సులు ఎంత బాగా కట్టినా చాలా వంతెనలు ఇక్కడే ఓడిపోతాయి. ఒక్క పుల్లను పడుకోబెట్టి దానికి 20 కిలోలు వేలాడదీస్తే అది తక్షణం విరుగుతుంది. నాలుగు పుల్లలను దగ్గరగా అతికించి అంచు మీద నిలబెట్టండి. స్కేలు చెప్పిన పాఠమే ఇది. దాని కొసలు సరిగ్గా కింది వరస మధ్య కీళ్ల మీదే ఆనాలి. కీలుకు రెండు సెంటీమీటర్లు పక్కన ఆనితే లాగుడు మోయాల్సిన పుల్ల మీద వంపు కూడా వచ్చి పడుతుంది.

అతుకులు

2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీది హైవే వంతెన సాయంత్రం రద్దీ వేళ కూలి 13 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలింది ఇది. ట్రస్ కడ్డీలు కలిసే చోట వాటిని పట్టి ఉంచే గసెట్ పలకలు కొన్నిచోట్ల ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయి. డిజైన్ నాటి ఆ లోపంతోనే వంతెన నలభై ఏళ్లు నడిచింది. ఈ మధ్యలో వచ్చి చేరిన అదనపు బరువులు, ఆ రోజు మరమ్మతు పనుల కోసం వంతెన మీద పోసిన సామగ్రి కలిసి దాన్ని కూల్చాయి.

పుల్లల వంతెనలో గసెట్ పని జిగురుది. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు కర్రలోకి ఇంకి పట్టుకుంటుంది. ఒక పుల్ల ముఖం మీద ఇంకో పుల్ల ముఖం కనీసం సెంటీమీటరు మేర ఆనేలా పెట్టి, జిగురు పలచగా రాసి, బట్టల క్లిప్పుతో బిగిస్తే ఆ అతుకు పక్కకు జారకుండా పదుల కిలోలు ఆపగలదు. పుల్ల కొసను ఇంకో పుల్ల అంచుకు ఆనించి జిగురు బొట్టు పెడితే మాత్రం అది దాదాపు అతికించనట్టే. కర్ర కొసలోని సన్నని గొట్టాలు జిగురును పీల్చేసుకుంటాయి, ఆనే వైశాల్యమూ తక్కువ. గ్లూ గన్‌తో పని తొందరగా అవుతుంది, అందుకే పిల్లలకు ఇష్టం. కానీ ఆ ప్లాస్టిక్ జిగురు బరువెక్కువ, చల్లారాక కూడా కొంచెం సాగుతుంది. పుల్లలు ఎంత సూటిగా ఉన్నా కీలు సాగితే త్రిభుజం ఆకారం మారుతుంది. నేనైతే దాన్ని ఈ పనికి వాడను. తెల్ల జిగురైతే పూర్తిగా ఆరడానికి ఒక పగలూ ఒక రాత్రీ ఇవ్వాలి. పోటీ ముందురోజు రాత్రి అతికించిన వంతెన పచ్చి వంతెన.

విరిగాక అతుకు ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడండి. జిగురుకు కర్ర పీచు అంటుకుని వచ్చిందంటే అతుకు గట్టిగానే ఉంది, కర్రే చిరిగింది. జిగురు నున్నగా, మెరుస్తూ ఊడివచ్చిందంటే క్లిప్పు సరిగా బిగియలేదు, లేదా జిగురు సగం ఆరాక పుల్ల పెట్టారు.

కట్టే పద్ధతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గ్రాఫ్ కాగితం మీద ట్రస్ బొమ్మ అసలు కొలతలతో గీసి, పైన పల్చని పాలిథిన్ పరిచి, దాని మీదే పుల్లలు పేర్చండి. రెండు ట్రస్సులూ అదే బొమ్మ మీద కట్టాలి, లేకపోతే ఒకటి పొడవు ఒకటి పొట్టి అయి వంతెన మెలితిరుగుతుంది. కట్టలోంచి పుల్లలు తీసేటప్పుడు ఒక్కోదాన్ని కంటి ముందు పెట్టి కొస నుంచి చూడండి. నిక్కచ్చిగా సూటిగా ఉన్నవాటిని పై వరసకు, నొక్కుడు మోసే ఏటవాలులకు పక్కన పెట్టండి. కొంచెం వంకర ఉన్నవి కింది వరసకు పనికొస్తాయి. లాగితే వంకర తనంతట తనే సర్దుకుంటుంది. నొక్కితే పెరుగుతుంది.

పరీక్ష రోజు ఖాళీ బకెట్ తగిలించి, అందులో ఇసుకను మగ్గుతో సన్నని ధారగా పోయండి. ఇటుకలో, పుస్తకాలో ఒక్కొక్కటే పెడితే ప్రతిసారీ చిన్న దెబ్బ తగులుతుంది. బకెట్ నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తుకు మించి ఉండకూడదు. కళ్లకు అద్దాలు తప్పనిసరి, విరిగిన పుల్ల ముక్కలు ఎగురుతాయి. ఒకరు ఇసుక పోస్తుంటే ఇంకొకరు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయాలి. రెప్పపాటులో జరిగిపోయే పతనంలో మొదట వంగింది ఏ పుల్లో కంటితో పట్టుకోలేం, వీడియోలో కనిపిస్తుంది.

లెక్క 21 కిలోలు చెప్పినప్పుడు వంతెన 15 దగ్గర విరిగితే దిగులు పడకండి. ఆయిలర్ సూత్రంలోని పుల్ల నిక్కచ్చిగా సూటిగా ఉంటుంది, బరువు దాని నడిమధ్య నుంచే పోతుంది. మన పుల్లలకు పుట్టుకతోనే కొంచెం వంకర ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి అతికించడం వల్ల బలం మధ్య నుంచి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. కాబట్టి మోసే బరువు లెక్క కన్నా తగ్గుతుంది. ఎంత తగ్గిందన్నది ఈ పుల్లలకు, మీ చేతిపనికి సంబంధించిన సొంత అంకె. 21కి 15 వచ్చిందంటే సుమారు 0.7. మొదట వంగిన పుల్ల మీరు గుర్తు పెట్టినదేనా అని వీడియోలో చూసుకోండి. అదే అయితే డిజైన్ సరిగానే అర్థమైంది. వేరే ఏదైనా అయితే ఆ కీలు దగ్గర లెక్క మళ్లీ చేయాలి.

రెండో వంతెనకు పక్క పై పుల్లలనూ జంటలు చేశారు, కాబట్టి లెక్క 25 వస్తుంది. దాన్ని 0.7తో హెచ్చవేస్తే 17.5. బకెట్ తగిలించక ముందే ఆ అంకెను ఒక కాగితం మీద రాసి, దాని పక్కనే ఏ పుల్ల ముందు వంగుతుందో ట్రస్ బొమ్మ మీద ఎర్ర స్కెచ్‌తో గుర్తు పెట్టి, చార్టుకు అంటించండి. న్యాయనిర్ణేత వచ్చినప్పుడు మొదట చూపించాల్సింది ఆ కాగితమే.